ఇటుకల ఆట

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాచేత ఒక పత్రం నింపించారు. పేరు, ఊరు, చదువు, తండ్రి వృత్తి అన్నీ అయిన తరువాత చివరన ‘అభిరుచులు’ అని ఒక గడి ఉంది. కలం పట్టుకొని కొంతసేపు ఆలోచించి ‘పుస్తక పఠనం’ అని రాశాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఆ గడిలో రాయవలసిన మాట అది కాదని నాకు తెలుసు. పదమూడో ఏట మొదలుకొని ఇవాళ్టివరకు, అలసిపోయినప్పుడూ, మనసు బాగుండనప్పుడూ, ఏ కారణమూ లేనప్పుడూ నేను ఆశ్రయించింది వీడియో ఆటలను. ఆ మాట రాయటానికి చెయ్యి ఆడలేదు. చదరంగం అంటే గౌరవం, క్రికెట్టు అంటే ఉత్సాహం. కడకు పేకాటనైనా కాలక్షేపం అని సరిపెట్టుకుంటారు. వీడియో ఆట అనగానే ఎదుటివారి ముఖంలో ‘పాపం, ఇంత వయసు వచ్చాకనా!’ అన్న భావం కదలాడుతుంది. ఆనాడు ఆ గడిలో రాయలేకపోయిన మాటను ఇప్పుడు కొంచెం వివరంగా రాయదలచాను.

మాది విశాఖపట్నంలో మద్దిలపాలెం. ఇవాళ అక్కడికి వచ్చేవారికి పెద్ద పెద్ద దుకాణాలూ, నిలువకుండా సాగే వాహనాలూ కనబడతాయి. నేను చెప్పేది 1990ల నాటి మద్దిలపాలెం. అప్పటికీ అది జాతీయ రహదారి మీది కూడలే. ఆ రహదారిని అప్పట్లో 5వ నంబరు అనేవారు, తరువాతి కాలంలో అది 16 అయింది. ఒకవైపు ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగు కళాశాల, మరోవైపు కృష్ణా కళాశాల, ఆ దాపునే ఆర్టీసీ డిపో. విజయనగరం, శ్రీకాకుళం బస్సుల కోసం నిలబడిన జనమూ, చంకలో పుస్తకాలతో నడిచిపోయే విద్యార్థులూ ఆ కూడలికి శోభ. రహదారి దిగి లోపలికి నడిస్తే ఇరుకు సందులు, పెంకుటిళ్ళు, కొళాయిల దగ్గర బిందెల వరుసలు. గాలి తూర్పు నుంచి వీచిన సాయంత్రాలలో సముద్రం పంపిన ఉప్పువాసన ఆ సందులలోకి కూడా వచ్చేది.

అటువంటి ఒక సందులో, మూతపడిన టైపు ఇన్‌స్టిట్యూటు గదిలో, నాలుగు టెలివిజన్లు పెట్టి ఒకాయన వీడియో ఆటల దుకాణం తెరిచాడు. కిటికీలకు నీలిరంగు కాగితం అంటించి ఉండేది. లోపల ఎప్పుడూ సంధ్యాసమయమే. పది నిమిషాలకు ఒక రూపాయి. కాలం కొలవటానికి ఆయన దగ్గర నాలుగు అలారం గడియారాలు ఉండేవి. మనం కూర్చోగానే ఒక గడియారానికి చావి తిప్పి టెలివిజను నెత్తిన పెట్టేవాడు. అది మోగిందంటే తెరమీద ఎంతటి యుద్ధం జరుగుతున్నా మీట నొక్కి ఆపేసేవాడు. బతిమాలినా, ఏడ్చినా ఫలితం లేదు. యముడికైనా దయ ఉండవచ్చునేమో గాని ఆయనకు లేదని మేము చెప్పుకునేవాళ్ళం. ఇన్నేళ్ళ తరువాత తలచుకుంటే ఆయన మీద నాకు గౌరవం కలుగుతున్నది. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఆ టెలివిజన్లకు తగిలించినవి జపానులో 1983లో నింటెండో సంస్థ విడుదల చేసిన ఇంటి ఆటల యంత్రానికి నకళ్ళు. మనదేశంలో ఆ రోజులలో పిల్లలెవరూ అసలు యంత్రాన్ని చూసి ఉండరు. మాకు నకలే అసలు. పలుచని పెట్టెల వంటి క్యాసెట్లు పైన గుచ్చితే ఆట వచ్చేది. రాకపోతే క్యాసెట్టు అడుగున నోటితో ఊది మళ్ళీ గుచ్చేవాళ్ళం. ఆ ఊదటం వల్ల ప్రయోజనం ఉందో లేదో గాని, అది చేయకుండా ఆట మొదలుపెట్టటం వినాయకుడికి దండం పెట్టకుండా పరీక్షకు పోవటం వంటిది.

నేను మొదట ప్రేమించిన ఆట మారియో. 1985లో షిగెరు మియమోతో అనే రూపశిల్పి, ఆయన సహచరులు కలిసి చేసినది. మీసాలున్న ఒక పొట్టి మనిషి, గొట్టాల పనివాడు, ఎనిమిది లోకాలు దాటి రాకుమారిని విడిపించాలి. ఒక్కో లోకంలో నాలుగు అంచెలు, వెరసి ముప్పై రెండు. కథ అంతే. నన్ను ఆకట్టుకున్నది కథ కాదు. ఆ ఆట ఏ మాటా చెప్పకుండా అన్నీ నేర్పుతుంది. మొదటి తెరను గుర్తుచేసుకుంటాను: మారియో ఎడమ అంచున నిలబడి ఉంటాడు, కుడివైపు అంతా ఖాళీ, కాబట్టి కుడివైపు పోవాలని తెలుస్తుంది. కొన్ని అడుగులు వేయగానే ప్రశ్నార్థకం గుర్తుతో మెరిసే ఒక ఇటుక, ఎదురుగా కోపంగా నడిచి వచ్చే ఒక పుట్టగొడుగు వంటి జీవి. తాకితే చస్తాం. రెండోసారి ఎగురుతాం. ఎగిరితే తల ఇటుకకు తగులుతుంది, నాణెం వస్తుంది. అర నిమిషంలో ఆటలోని నియమాలన్నీ బోధపడతాయి. సూచనల పట్టిక లేదు, హెచ్చరిక లేదు, తప్పు చేసినందుకు చీవాట్లు లేవు. మళ్ళీ మొదటినుంచి ఆడమంటుంది, అంతే. ఆ వయసులో నాకు తప్పు చేస్తే కోప్పడని గురువు ఆ తెర ఒక్కటే.

ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయిందని పెద్దయ్యాక చదివి ఆశ్చర్యపోయాను. ఇవాళ చేతి ఫోనుతో తీసే ఒక్క ఛాయాచిత్రం దానికి అనేక రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో సర్దటానికి వారు చేసిన ఉపాయం ఒకటి నాకు ఎంతో ఇష్టం: ఆకాశంలోని మేఘం, నేలమీది పొద రెండూ ఒకే బొమ్మ. తెల్లరంగు వేస్తే మేఘం, పచ్చరంగు వేస్తే పొద. ఏళ్ళ తరబడి ఆడినా నేను గమనించలేదు. బీదఇంటి ఇల్లాలు పాతచీరనే కొంత కిటికీ తెరగా, కొంత బొంతగా మార్చినట్లు వారు ఒక్క బొమ్మతో భూమినీ ఆకాశాన్నీ నింపారు.

ప్యాక్‌మ్యాన్ గురించి ఒక్కమాట. 1980 నాటి ఆ ఆటలో చుక్కలు మింగుతూ పోయే పచ్చని గుండ్రటి నోటిని నాలుగు దయ్యాలు తరుముతాయి. నాలుగూ ఒకటే అనుకుని ఆడినంతకాలం ఓడిపోయాను. వాటికి నాలుగు స్వభావాలు ఉన్నాయి. ఎర్రది సూటిగా వెంటపడుతుంది. గులాబీరంగుది మనం పోబోయే చోటికి ముందే వెళ్ళి కాచుకుంటుంది. నీలిది మన స్థానాన్నీ, ఎర్రదాని స్థానాన్నీ చూసుకుని కదులుతుంది. నారింజరంగుది దూరాన ఉంటే వస్తుంది, దగ్గరికి రాగానే తప్పుకుంటుంది. ఈ సంగతి తెలిశాక మా బడిలోని నలుగురు మాస్టార్లను తలచుకుని చాలాసేపు నవ్వుకున్నాను.

ఇద్దరు కలిసి ఆడేందుకు కాంట్రాను మించిన ఆట మా సందులో లేదు. 1987లో జపాను దేశపు కొనామీ సంస్థ చేసినది. తుపాకులు పట్టిన ఇద్దరు వీరులు. ఒకడు నేను, రెండోవాడు మా పక్కింటి కుర్రాడు. ఆ ఆటలో మూడో అంచె ఒక జలపాతం. రాళ్ళమీద నుంచి రాళ్ళమీదికి ఎగురుతూ పైకి పోవాలి. మనం ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది. కింది అంచు కూడా దానితోపాటే పైకి వస్తుంది. వెనకబడినవాడు తెరకు అడుగున మిగిలిపోతే చస్తాడు. అంటే శత్రువు గుండు తగలనక్కరలేదు, పైనున్న మిత్రుడు తొందరపడితే చాలు. నేను మొదట్లో తొందరపడేవాణ్ణి. “ఆగరా! నేనింకా కిందే ఉన్నానురా!” అని నా మిత్రుడు అరుస్తూ ఉండగానే అతని వీరుడు మాయమయ్యేవాడు. రెండు రూపాయలు పోసి ఇద్దరం ఆడుతున్నప్పుడు అది చిన్న నష్టం కాదు. క్రమంగా ఒక అలవాటు పడింది: ఒక రాయి ఎక్కటం, ఆగటం, పక్కవాడు వచ్చాడా అని చూడటం.

కాంట్రాలో ముప్పై ప్రాణాలు సంపాదించే మంత్రం ఒకటి ఉంది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆపైన బి, ఏ. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ అని ఎలా వల్లెవేశామో దీన్నీ అలాగే వల్లెవేశాం. రెండింటిలో ఏది త్వరగా వచ్చిందో మీరు ఊహించగలరు. ఆ మంత్రాన్ని 1986లో కజుహిసా హషిమోతో అనే జపాను ఉద్యోగి గ్రాడియస్ అనే మరో ఆట కోసం పెట్టుకున్నాడు. పరీక్షించటానికి తానే ఆడవలసి వచ్చి, ఆట మరీ కష్టంగా ఉండి, తన సౌకర్యానికి ఈ దొడ్డిదారి చేసుకున్నాడట. ఆయన 2020లో మరణించినప్పుడు ప్రపంచమంతటా ఆటగాళ్ళు ఆ పది మీటలనే తలచుకుని నివాళి అర్పించారు. అంతర్జాలం లేని రోజులలో, ఒక జపాను పనివాడి రహస్యం నోటినుంచి నోటికి మద్దిలపాలెం సందులోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ వింతే.

జపాను మాట వచ్చింది గనుక మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన విశాఖ రేవులో క్రేను నడిపేవారు. 1933లో ప్రారంభమైన ఆ రేవే మా ఊరిని ఊరుగా చేసిందని ఆయన విశ్వాసం. బైలాదిలా కొండల ఇనుపరాయి కొత్తవలస రైలుమార్గంలో దిగివచ్చి, మా రేవునుంచి జపానుకు ఓడలలో పోయేది. “మన రాయి ఆళ్ళకి పంపుతున్నాం. ఆళ్ళు మనకి బొమ్మలాట పంపుతున్నారు. ఎవుడు తెలివైనోడురా?” అని ఒకసారి అన్నారు. ఆ ప్రశ్నకు నావద్ద సమాధానం లేదు.

ఆటకు రూపాయలు ఎక్కడివని మీరు అడగవచ్చు. మొదట బస్సు డబ్బులు. తరువాత పాలవాడికి ఇచ్చే డబ్బులో మిగిలినవి. ఆ తరువాత, చెప్పటానికి సిగ్గుగా ఉన్నా, మిగలనివి కూడా. అమ్మ లెక్క తప్పిందనుకుని తనను తానే నిందించుకునేది. “నాకు మతిమరుపు వచ్చేసినాది” అంటూ మళ్ళీ మళ్ళీ చిల్లర లెక్కపెట్టేది. నేను పక్కనే కూర్చుని పుస్తకం తిరగేస్తూ ఉండేవాణ్ణి. ఆ దృశ్యం ఏ ఆటా మరపించలేదు.

1996లో ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం లెక్కలలో తప్పాను. ఫలితం తెలిసిన మూడోనాడు సాయంత్రం నేను ఆ నీలికాగితం గదిలోనే ఉన్నాను. ఇంటికి పోవటానికి ముఖం చెల్లక, కాంట్రా ఆడుతున్నాను. జలపాతం దాటాను. గడియారం మోగబోతున్నదని తెలుస్తున్నది. నా మిత్రుడు వెనకాల నిలబడి ఉన్నాడనుకుని, తెరమీదినుంచి చూపు తిప్పకుండానే ఎడమచెయ్యి వెనక్కి చాచి, “ఒక రూపాయి ఇవ్వరా, రేపు ఇచ్చేస్తాను” అన్నాను. చేతిలో రూపాయి పడింది. ఆ పెట్టిన వేళ్ళు గరుకుగా తగిలాయి. తల తిప్పి చూశాను. గోళ్ళలో నల్లని గ్రీజు, రేవు బట్టలు. నాన్న.

ఎంతసేపటినుంచి అక్కడ ఉన్నారో తెలియదు. కోప్పడలేదు, చెయ్యెత్తలేదు. గడపదాటి వెళ్ళిపోయారు. తెరమీద నా వీరుడు చచ్చిపోయిన చప్పుడు వినిపించింది. ఆ రూపాయిని ఏంచేశానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాత ఇంచుమించు నెలరోజులు నాన్న నాతో మాట్లాడలేదు. తిట్టే తండ్రిని భరించటం తేలిక అని అప్పుడే తెలిసింది. నేను దుకాణానికి పోవటం మానుకున్నాను. మళ్ళీ పరీక్షకు చదువుతున్నాను. ఆ రోజులలోనే మా మేనమామ పూర్ణా మార్కెట్టు నుంచి మా చెల్లికోసం చేతిలో పట్టే ఒక ఆటబొమ్మ తెచ్చాడు. బూడిదరంగు తెర, పసుపు మీటలు, రెండు పెన్‌సెల్లులతో నడిచేది. పెట్టెమీద 9999 ఆటలని ఉండేది. నిజానికి ఉన్నవి పది పన్నెండు, మిగిలినవన్నీ వాటి వేగాలు పెంచిన రూపాలే. దానిని అందరూ బ్రిక్‌గేమ్ అనేవారు. మా ఇంట్లో దాని పేరు ‘ఇటుకల ఆట’.

ఆ ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో, సోవియట్ విజ్ఞానశాస్త్రాల అకాడమీ వారి కంప్యూటరు కేంద్రంలో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దానిని సృష్టించాడు. ఆయన యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు. అక్షరాలూ గుర్తులతోనే తెరమీద ఇటుకలు చేశాడు. నాలుగేసి గళ్ళు కలిస్తే ఏర్పడే ఆకారాలు ఏడు. అవి ఒకటొకటిగా పైనుంచి పడతాయి. తిప్పి, జరిపి, కింద సర్దాలి. వరుస నిండితే అది మాయమవుతుంది. నిండకపోతే కుప్ప పెరిగి నెత్తికి తగులుతుంది. హక్కులన్నీ ప్రభుత్వానివి కావటం వల్ల 1996 వరకు, అంటే అది మా ఇంటికి వచ్చిన ఆ ఏడాది వరకు, దాని మీద ఆయనకు రాయల్టీ అందలేదు. ప్రపంచమంతా ఆడిన ఆటకు కర్త తన జీతంతోనే బతికాడు. ఈ సంగతి నాన్నకు చెప్పినప్పుడు ఆయనేమీ ఆశ్చర్యపడలేదు.

ఒక రాత్రి రెండుగంటల వేళ మెలకువ వచ్చింది. వసారాలో బీప్ బీప్ అని చిన్న చప్పుడు. రాత్రిపాళీ వారం ముగిసిన తరువాత నాన్నకు చాలారోజులు నిద్రపట్టేది కాదు. బల్బు కింద మఠం వేసుకుని కూర్చుని, ఆ బొమ్మను కళ్ళకు దగ్గరగా పట్టుకుని మీటలు నొక్కుతున్నారు. నన్ను చూసి ఏమీ అనలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి, తల ఎత్తకుండానే, నెలరోజుల తరువాత మొదటిసారి మాట్లాడారు.

“ఇది ఓడ కడుపు కదరా.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. ఓడ అడుగు అరలో సరుకు సర్దటం కూడా ఇదే పని. బస్తాలు, ఉక్కు కడ్డీలు, యంత్రాల పెట్టెలు పైనుంచి క్రేనుకు వేలాడుతూ దిగుతాయి. కింద కలాసీలు చెయ్యెత్తి సైగ చేస్తారు. ఏది ఎప్పుడు వస్తుందో క్రేను మీద ఉన్నవాడి చేతిలో లేదు. వచ్చినదానిని ఎక్కడ దించాలన్నదే చేతిలో ఉంది. “బరువు కిందెట్టాల, తేలిక పైనెట్టాల. ముందు రేవులో దిగేది ఆఖర్న ఎక్కించాల. ఎడమా కుడీ సమంగా తూగాల. సందు ఒగ్గేసినావనుకో, నువ్వు చూడకపోయినా సముద్రం దాన్ని ఎతుక్కుంటాది” అన్నారు. ఖాళీ ఉంటే తుపానులో సరుకు జారుతుందట. జారిన సరుకు ఒక పక్కకు చేరితే ఓడ ఒరుగుతుంది. అందుకే సందులలో చెక్కలు దూర్చి బిగిస్తారట. నా పదిహేడేళ్ళ బతుకులో నాన్న తన పని గురించి అన్ని మాటలు చెప్పటం అదే ప్రథమం. నేను ఎన్నడూ అడగకపోవటం కూడా నిజమే.

ఆయనకు ఒక్క విషయం మాత్రం నచ్చలేదు. “నిండిన వరస మాయమైపోవడమేటి? పనిచేసినోడికి కనపడాల కదా!” అని విసుక్కున్నారు. కొంతసేపు ఆలోచించి, “ఎక్కడో రేవులో దించేస్తన్నారు గావోసు, లే” అని తానే సమాధానపడ్డారు.

ఆయన వేళ్ళు లావు. మీటలు చిన్నవి. వేగం పెరిగితే నొక్కలేక ఓడిపోయేవారు. కాని ఏ ముక్క ఎక్కడికి పోవాలో చూడటంలో నేను ఆయనకు సాటి కాను. అందువల్ల ఒక ఏర్పాటు కుదిరింది. ఆయన చెబుతారు, నేను నొక్కుతాను. “నిలవెట్టు... ఎడంపక్క... కాదు, ఇంకోటి... దింపు.” క్రేను మీద ఉన్న మనిషి నేను, కింద సైగ చేసే కలాసీ ఆయన. ఆ వేసవిలో అలా ఎన్ని రాత్రులు ఆడామో లెక్కలేదు.

ఆ ఏడాదే మళ్ళీ పరీక్ష రాసి లెక్కలలో గట్టెక్కాను. ఇటుకల ఆట వల్ల లెక్కలు వచ్చాయని మాత్రం చెప్పను. అది నిజం కాదు. లెక్కలు చేయటం వల్లనే వచ్చాయి. కాని ఆ ఆటలో ఉన్న లెక్కను గురించి తరువాత చదివి ముచ్చటపడ్డాను. మెలిక తిరిగిన రెండు ముక్కలు ఉంటాయి, మేము వాటిని ఎడమపాము, కుడిపాము అనేవాళ్ళం. ఆ రెండే వంతులవారీగా వస్తూ ఉంటే ఎంతటి నేర్పరి అయినా చివరకు ఓడక తప్పదని 1990లలో గణితవేత్తలు నిరూపించారు. అంటే ఈ ఆటలో శాశ్వత విజయం లేదు. ఆ తెలిసిన ఓటమిని ఎంతదూరం నెట్టగలమన్నదే పోటీ. 2023 డిసెంబరులో అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రానికి చెందిన విల్లిస్ గిబ్సన్ అనే పదమూడేళ్ళ బాలుడు పాత నింటెండో యంత్రం మీద 157వ స్థాయి వరకు పోయాడు. అక్కడ ఆట ఇక సాగలేక తానే స్తంభించిపోయింది. మనుషులలో మొదటగా ఆ యంత్రాన్ని అంతదూరం తరిమినవాడు అతడే. ఆ కుర్రాడు ఊపిరాడక తల పట్టుకున్న దృశ్యం చూసినప్పుడు నాకు ఆ నీలికాగితం గది గుర్తుకు వచ్చింది.

డిగ్రీ తరువాత ఆడిన ఆటలు చాలా ఉన్నాయి. అన్నీ చెప్పబోను. ప్రిన్స్ ఆఫ్ పర్షియాను ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రంలో, పాఠం ముగిసిన తరువాత దొంగచాటుగా ఆడాను. దానిని చేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, కెమెరాతో చిత్రించి, ఒక్కొక్క భంగిమనూ చూసి గీశాడు. అందుకే అందులోని రాకుమారుడు గోడ అంచు పట్టుకుని వేలాడితే మన భుజాలు నొప్పి పెడతాయి. 2000 ప్రాంతంలో ఇంటర్నెట్టు కేంద్రాలలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడాను. కట్టెలు కొట్టించి, పొలం దున్నించి, ఆ తరువాతనే కోట కట్టవలసిన ఆట అది. నేను కోట కట్టే సమయానికి శత్రువు ఎప్పుడూ నా పొలంలో ఉండేవాడు. అందరూ మెచ్చుకునే కౌంటర్ స్ట్రైక్ నాకు రుచించలేదు. అది నా చేతగానితనమే కావచ్చు.

ఇప్పుడు ఆ దుకాణదారుడి సంగతి. అతని గడియారం మోగేది. మోగితే ఆట ఆగేది. తరువాత ఫోనులలోకి వచ్చిన ఆటలలో అనేకం మోగకుండా ఉండటానికే తయారయినట్లు నాకు తోస్తుంది. ఉచితమని పిలుస్తాయి. కొన్నాళ్ళ తరువాత తుపాకికి రంగు, గుర్రానికి రెక్క అని డబ్బు అడుగుతాయి. రోజూ రాకపోతే అలుగుతాయి. ఇక డబ్బు పందెంగా ఒడ్డేవి వేరే జాతి. వాటిని ఆటలనటం నాకు ఇష్టం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే వాటిని నిషేధించారు, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పాలడబ్బు కాజేసిన నేను నీతులు చెప్పబోవటం లేదు. ఒక రూపాయికి పది నిమిషాలని ముందే చెప్పి, చెప్పినంతే ఇచ్చిన మనిషిని మాత్రం మరచిపోలేకున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీదనే తీరం దాటింది. ఆ రోజు గాలి చేసిన చప్పుడు విన్నవారికి వర్ణన అక్కరలేదు, విననివారికి వర్ణించటం సాధ్యం కాదు. మరునాడు తలుపు తెరిస్తే మా వీధిలో నిలబడిన చెట్టు లేదు. విశ్వవిద్యాలయం ఆవరణలో నేను చిన్ననాటినుంచి చూసిన చెట్లెన్నో వేళ్ళతో పైకి లేచి పడుకుని ఉన్నాయి. కరెంటు స్తంభాలు ఒంగిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు, పాలు లేవు. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఫోను చచ్చిపోయింది, టెలివిజను చచ్చిపోయింది. వాడు ఇల్లంతా తిరుగుతూ ఏంచేయాలో తెలియక ఏడుపు ముఖం పెట్టాడు.

నాన్న అప్పటికి పదవీవిరమణ చేసి కొన్నేళ్ళయింది. మూడోరాత్రి ఆయన అటకమీది రేకుపెట్టె దింపమన్నారు. అందులో పాత జీతపు చీటీలు, రేవువారి గుర్తింపు కార్డు, వాటి కింద గుడ్డలో చుట్టిన ఇటుకల ఆట. సెల్లులు లేవు. నాన్న గోడగడియారం వైపు చూపించారు. దానిలోనిది ఒకటి, టార్చిలైటులోనిది ఒకటి తీసి వేశాను. గడియారం తొమ్మిదింపావు దగ్గర ఆగిపోయింది. బీప్ అని శబ్దం వచ్చింది.

ఆ తెరకు స్వంతవెలుగు లేదు. కొవ్వొత్తి వెలుగుకు వాటంగా వంచి పట్టుకోవాలి. ఆయన చూపు మందగించింది. మా అబ్బాయి తాతయ్య భుజంమీద గడ్డం ఆనించి, “పాము వస్తోంది తాతా! కుడివైపు తిప్పు, కుడివైపు!” అని అరుస్తున్నాడు. పాము అన్న పేరు వాడికి ఎవరూ చెప్పలేదు. ఆయన లావువేళ్ళు వెనకటికన్నా నిదానంగా కదులుతున్నాయి. నాలుగు వరుసలు ఒక్కసారి నిండి మాయమయ్యాయి. “ఏ రేవులో దించినారో” అన్నారు.

కొంతసేపటికి వాడు ఆయన ఒడిలోనే నిద్రపోయాడు. ఆట సాగుతూనే ఉంది. నేను కొవ్వొత్తిని అడ్డంగాలి తగలకుండా చేతులతో కాస్తున్నాను. నాన్న తెరమీదినుంచి చూపు ఎత్తకుండా అన్నారు:

“ఆ దినం నేనిచ్చిన రూపాయికి ఎంతసేపాడినావురా?”

పద్దెనిమిదేళ్ళలో ఆ మాట మా ఇద్దరి మధ్య ఎన్నడూ రాలేదు. ఆ రూపాయిని దాచుకున్నానని చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. వినటానికి బాగుంటుంది కూడా.

“పది నిమిషాలూ ఆడేశాను నాన్నా” అన్నాను.

ఆయన తెరమీద దిగుతున్న నిలువు ముక్కను తిప్పి, ఎడమ అంచున మిగిలిన సందులోకి దింపారు.

“మరి, ఆడుకోమనే కదా ఇచ్చినాను” అన్నారు.